పాఠకుల ప్రశ్నలు: బ్రెడ్‌బోర్డు మీద కెమెరా

ఎలక్ట్రానిక్స్ ప్రాజెక్టులు చేసి వీడియోలు పెట్టేవాళ్లు, ఆ వీడియోలు చూసి ఇంట్లో చేసుకునేవాళ్లు కర్నూలు, అనంతపురం, కడప వైపు నుంచి రాసిన ప్రశ్నలివి.

ప్ర: ఆర్డ్యునో (ప్రోగ్రాము రాసి నడిపే చిన్న బోర్డు)తో నాలుగంకెల సెవెన్ సెగ్మెంట్ (ఏడు గీతలతో అంకె చూపే) గడియారం చేశాను. కంటికి బ్రహ్మాండంగా ఉంది. ఫోన్లో వీడియో తీస్తే మాత్రం ఒకసారి ఒక అంకె, ఒకసారి ఇంకో అంకె మాయమవుతోంది. వెనక గోడ మీద నల్లటి చారలు పాకుతున్నాయి. ఫోన్ మార్చాలా?
— డిప్లొమా విద్యార్థి, అనంతపురం

జ: ఫోన్ జోలికి పోవద్దు. ముందు చారల సంగతి. మన కరెంటు 50 హెర్ట్జ్. చవక ఎల్‌ఈడీ బల్బు, ట్యూబులైటు సెకనుకు 100 సార్లు వెలుగు తగ్గి పెరుగుతాయి. కెమెరా షట్టర్, అంటే ఒక్కో ఫ్రేముకు కెమెరా వెలుగు పట్టే సమయం, ఆ లెక్కకు కుదరకపోతే చారలు పడతాయి. అమెరికా వాళ్ల వీడియోల్లో షట్టర్ 1/60 సెకను పెట్టమని చెబుతారు. వాళ్ల కరెంటు 60 హెర్ట్జ్ కాబట్టి అక్కడ అది సరే. మనకు కావలసింది 1/50 లేదా 1/100. ఫోన్లో ప్రో వీడియో మోడ్ ఉంటే షట్టర్ 1/50, ఫ్రేమ్ రేటు 25 పెట్టండి. 25 లేకపోతే 30 ఉంచినా షట్టర్ మాత్రం 1/50 దగ్గరే ఉండాలి. ప్రో మోడ్ లేని ఫోన్లలో కొన్నింటికి సెట్టింగుల్లో యాంటీ ఫ్లికర్ అని ఉంటుంది, దాన్ని 50 హెర్ట్జ్‌కు మార్చండి.

ఇక అంకెలు. మీ డిస్‌ప్లేలో నాలుగంకెలూ ఒకేసారి వెలగవు, ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతాయి. కంటికి ఆ తేడా అందదు. వెలుతురు ఎక్కువుంటే ఫోన్ తనంతట తానే షట్టర్‌ను 1/500కు తీసుకుపోతుంది, అంటే 2 మిల్లీసెకన్లు. ఆ కాస్త సమయంలో వెలిగిన అంకె ఒక్కటే పడుతుంది. 1/50 పెడితే 20 మిల్లీసెకన్లు దొరుకుతాయి. అయినా కోడులో ఒక్కో అంకెకు 3 మిల్లీసెకన్లు ఇచ్చి ఉంటే చుట్టు మొత్తం 12 అవుతుంది. 20లో ఒక చుట్టు పూర్తయి, రెండోది సగంలో తెగుతుంది. కొన్ని అంకెలు రెండుసార్లు వెలిగి కాంతిగా, కొన్ని ఒక్కసారే వెలిగి మసకగా పడతాయి. అంకెకు సరిగ్గా 2.5 మిల్లీసెకన్లు ఇవ్వండి. చుట్టు 10 అవుతుంది, 20లో రెండు చుట్లు అతికినట్టు సరిపోతాయి. దీన్ని డిలే (కోడును కాసేపు ఆపే ఆదేశం)తో కాకుండా టైమర్ ఇంటరప్ట్ (చిప్‌లోని టైమరు సరిగ్గా వేళకు పిలిచే కోడు)తో చేయండి. లూపులో సీరియల్ ప్రింటో, గడియారం చిప్‌ను చదవడమో పెట్టుకుని డిలేతో నడిపితే ఆ లెక్క నిలవదు.

1/50 దగ్గర అంకెలు తెల్లగా పేలిపోయినట్టు వస్తే ఐఎస్‌ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) 50కో 100కో దించండి. అదీ చాలకపోతే డిస్‌ప్లే ముందు వెలుగు దూరే ఎర్ర జిలుగు కాగితం పెట్టండి. ఎర్ర అంకెలు నిండుగా కనిపిస్తాయి.

ప్ర: టంకం వేయడం దగ్గరగా చూపించాలి. చేయి ఫ్రేములోకి రాగానే బొమ్మ మసకబారుతోంది, వెలుతురు ఎగిరిపడుతోంది. టంకం చుక్క అద్దంలా మెరిసి ఏమీ కనిపించడం లేదు.
— గృహిణి, ప్రొద్దుటూరు

జ: ఫోన్‌ను బోర్డుకు 40 సెంటీమీటర్ల ఎత్తున కిందికి చూసేలా బిగించి, 2 రెట్లు జూమ్ చేయండి. మరీ దగ్గరికి తెస్తే ఫోకస్ అందదు, పైగా చేతుల నీడ పడుతుంది. ఫోన్ తెర మీద బోర్డు కనిపించే చోట వేలు నొక్కి పట్టుకుంటే ఫోకస్, ఎక్స్‌పోజర్ రెండూ లాక్ అవుతాయి. చేయి ఫ్రేములో ఉండగానే లాక్ చేయండి. ఖాళీ బోర్డు మీద లాక్ చేస్తే చేయి వచ్చాక వెలుతురు తేడా కొడుతుంది.

మెరుపుకు విరుగుడు ట్రేసింగ్ పేపరు. రెండు బల్బులను బోర్డుకు చెరోపక్క ఏటవాలుగా పెట్టి, వాటి ముందు ట్రేసింగ్ పేపరు కట్టండి. కాగితం బల్బుకు తగలకూడదు. ఫోన్ ఫ్లాష్ మాత్రం వాడొద్దు. మంచి జాయింటులో టంకం పార్టు కాలు చుట్టూ పల్లంగా పాకి నున్నగా ఉంటుంది. చల్లటి జాయింటు, అంటే సరిగ్గా వేడెక్కకుండా వేసినది, గోళీలా ఉబ్బి మసగ్గా ఉంటుంది. మెత్తటి వెలుగులో తప్ప ఈ తేడా కెమెరాకు అందదు. చూసేవాళ్లకు కావలసింది మాత్రం అదే.

63/37 టంకం (63 శాతం తగరం, 37 శాతం సీసం) 183 డిగ్రీల దగ్గర కరుగుతుంది. సోల్డరింగ్ ఐరన్ మొన 330 నుంచి 350 మధ్య ఉంచి, ప్యాడునూ (బోర్డు మీది రాగి చుక్క) కాలునూ కలిపి రెండు మూడు సెకన్లు వేడిచేసి, అప్పుడు టంకం తీగ తాకించండి. తీగను మొన మీద కరిగించి జాయింటు మీద పూసే పద్ధతి చాలా వీడియోల్లో కనిపిస్తుంది. అలా చేస్తే తీగలో ఉండే ఫ్లక్స్ (లోహాన్ని శుభ్రం చేసే పదార్థం) ముందే కాలిపోయి టంకం అంటదు. పొగను పక్కకు లాగడానికి కంప్యూటరులోని 12 వోల్టుల ఫ్యాను చాలు. గాలి జాయింటు మీదికి ఊదేలా పెట్టకండి.

ఇంకో మాట. వైట్ బ్యాలెన్స్ (రంగులను సరిచేసే కెమెరా సెట్టింగు) ఆటోలో ఉంటే పసుపు బల్బు కింద రెసిస్టర్ల మీది ఎరుపు, నారింజ పట్టీలు ఒకేలా పడతాయి. 220 ఓములు ఎరుపు-ఎరుపు-గోధుమ, 330 ఓములు నారింజ-నారింజ-గోధుమ. చూసేవాడు ఒకటి బదులు ఇంకొకటి పెడతాడు. విలువను నోటితో చెప్పి, మల్టీమీటరు మీద చూపించండి.

ప్ర: మే నెలలో పది నిమిషాలు తీయగానే ఫోన్ వేడెక్కి ఆగిపోతోంది. ఫ్యాను వేస్తే గొంతు వినపడదు.
— కర్నూలు

జ: నలభై దాటిన ఎండలో ఫోన్ తప్పేమీ లేదు. 4కే మానేసి 1080లో తీయండి. వెనక కవరు తీసేయండి, ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి, ఛార్జర్ పీకేయండి. రెండు మూడు నిమిషాల ముక్కలుగా తీయండి. ఫ్రిజ్‌లో పెట్టి చల్లార్చడం మాత్రం వద్దు, లెన్సు లోపల తేమ పడుతుంది.

ఫ్యాను వేసుకునే బొమ్మ తీయండి. మాటలు తర్వాత విడిగా రికార్డు చేయండి. బట్టలతో నిండిన బీరువా తలుపులు తెరిచి, దాని ముందు మైకును నోటికి జానెడు దూరంలో పట్టుకుంటే గది మోత తగ్గుతుంది. ఛార్జింగ్ పెట్టి మైకు వాడితే గుయ్‌మనే 50 హెర్ట్జ్ మోత వస్తుంది, ఎడిటింగ్‌లో అది పూర్తిగా పోదు.

ప్ర: వీడియో చూసి 5 వోల్టుల సప్లై చేశాను. 12 వోల్టుల 1 ఆంపియర్ ట్రాన్స్‌ఫార్మర్, నాలుగు 1ఎన్4007 డయోడ్లు, 1000 మైక్రోఫారడ్ కెపాసిటరు, 5 వోల్టుల రెగ్యులేటర్ ఐసీ 7805. అర ఆంపియర్ లోడు పెడితే కాసేపటికి 5 వోల్టులు పడిపోతోంది, చల్లారాక మళ్లీ వస్తోంది. ఐసీ నకిలీదా?
— టీవీ మెకానిక్, ఆదోని

జ: ఐసీ మంచిదే. తనను తాను కాపాడుకుంటోంది. 12 వోల్టుల ఏసీకి శిఖరం 17, డయోడ్ల దగ్గర 1.4 పోతే 15.6. అర ఆంపియర్‌కు 1000 మైక్రోఫారడ్ మీద రిపుల్ (వోల్టేజీ ఎక్కిదిగే తేడా) 5 వోల్టుల దాకా ఉంటుంది, సగటున 13 అనుకోండి. 13లో 5 పోను 8 వోల్టులు 7805 మీదే పడతాయి. 8ని అరతో గుణిస్తే 4 వాట్లు. హీట్ సింక్ లేని 7805 వాటుకు 60 డిగ్రీలకు పైగా వేడెక్కుతుంది. 4 వాట్లకు ఎంతో మీరే చూడండి. వాటుకు 10 డిగ్రీలు లేదా అంతకన్నా తక్కువ పెరిగే హీట్ సింక్ వేసి, మధ్యలో పల్చగా పేస్టు రాస్తే 40 డిగ్రీల గదిలోనూ నిలుస్తుంది. వీడియోలో ఆయన ఒక్క ఎల్‌ఈడీ వెలిగించి చూపించి ఉంటాడు. 20 మిల్లీ ఆంపియర్లకు ఏ సప్లై అయినా పనిచేస్తుంది.

9 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్, 2200 మైక్రోఫారడ్ వేస్తే వేడి 2.6 వాట్లకు దిగుతుంది. పట్నంలో అది సుఖం. పల్లెలో సాయంత్రం మోటార్లు ఆన్ అయ్యాక వోల్టేజీ 190కి దిగితే, రిపుల్ అడుగున 7805కు 7 వోల్టులు కూడా అందవు, అవుట్‌పుట్ వణుకుతుంది. అక్కడ 12 వోల్టులే ఉంచి, 7805 తీసి, అంత వేడెక్కకుండా వోల్టేజీ దించే ఎల్‌ఎం2596 స్విచింగ్ మాడ్యూల్ పెట్టుకోండి. లోడు కలపకముందే మీటరు పెట్టి దాని స్క్రూ తిప్పి 5కు సరిచేయండి. స్క్రూ చాలా చుట్లు తిరుగుతుంది, తిప్పగానే మారలేదని కంగారుపడొద్దు. ప్రైమరీ వైపు 250 మిల్లీ ఆంపియర్ల ఫ్యూజు, జాయింట్లకు స్లీవు తప్పనిసరి.

ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా ఒక కెపాసిటరుతో 230 నుంచి 5 తెచ్చే వీడియోలు తెగ తిరుగుతున్నాయి. ఆ 5 వోల్టుల తీగకూ మెయిన్స్‌కూ మధ్య అడ్డేమీ ఉండదు. ముట్టుకుంటే షాకు కొడుతుంది. చేయకండి, చేసి చూపించకండి.

ప్ర: బీసీ547 ట్రాన్సిస్టర్లతో ట్యాంకు నీటిమట్టం చూపే సర్క్యూట్ చేశాం. మొదట బాగానే ఉంది, నెల తిరిగేసరికి తీగలు పచ్చబడి పనిచేయడం మానేసింది. వీడియోలో అలా ఏమీ చెప్పలేదు.
— తాడిపత్రి

జ: వీడియో తీసిన రోజు తీగలు కొత్తవి మరి. నీళ్లలో ఎప్పుడూ డీసీ పారుతుంటే పాజిటివ్ వైపు రాగి కరిగిపోతుంది. మీ బోరు నీళ్లలో లవణాలు ఎక్కువ కాబట్టి ఆ పని ఇంకా జోరుగా సాగుతుంది, పైన తెల్లటి పొలుసు కూడా కడుతుంది. రాగి బదులు స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీలు వాడండి. ప్రోబులకు (నీళ్లలో ఉండే ఆ కడ్డీలకు) కరెంటు అస్తమానం ఇవ్వకుండా, ఆర్డ్యునో పిన్ నుంచి 5 సెకన్లకోసారి 10 మిల్లీసెకన్లు మాత్రమే ఇచ్చి చదవండి. తినేయడం అయిదు వందల వంతుకు తగ్గుతుంది. ఇంత తంటా ఎందుకనుకుంటే అయస్కాంతం ఉన్న ఫ్లోట్ స్విచ్ పెట్టేయండి. మా ఓటు దానికే. శబ్ద తరంగాలతో దూరం కొలిచే జేఎస్‌ఎన్-ఎస్‌ఆర్04టీ సెన్సరు వాడాలంటే అది 25 సెంటీమీటర్ల లోపు చూడలేదని గుర్తుంచుకుని, నిండు మట్టానికి అంత పైన బిగించండి.

దీనికే మోటారు కలపాలనుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. 10 ఆంపియర్లని రాసున్న చిన్న నీలం రిలేతో 1 హెచ్‌పీ మోటారును నేరుగా తిప్పొద్దు. మోటారు లేచేటప్పుడు మామూలు కరెంటుకు అయిదారు రెట్లు లాగుతుంది, రిలే కాంటాక్టులు అతుక్కుపోతాయి. అప్పుడు సర్క్యూట్ ఆపమన్నా మోటారు ఆగదు. రిలేతో కాంటాక్టరు (పెద్ద కరెంటును తట్టుకునే స్విచ్) కాయిల్‌ను, కాంటాక్టరుతో మోటారును నడపాలి.

ప్ర: ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్ వీడియో చేద్దామనుకుంటున్నాం. అరకిలోమీటరు అందే సర్క్యూట్ ఇస్తారా?
— ఇంజినీరింగ్ విద్యార్థులు, కడప

జ: ఇవ్వం. 88 నుంచి 108 మెగాహెర్ట్జ్ ప్రసార కేంద్రాలది, లైసెన్సు లేకుండా అక్కడ ప్రసారం చేయడం నేరం. వీడియో పెడితే సాక్ష్యం మీరే ఇచ్చినట్టు. అదే బ్యాండు రిసీవరు చేసి చూపించండి, లేదా 2.4 గిగాహెర్ట్జ్‌లో పనిచేసే ఈఎస్‌పీ32 వైఫై మాడ్యూళ్లతో ఆడుకోండి. ప్రసారమే సరదా అయితే హామ్ రేడియో (లైసెన్సుతో అభిరుచిగా నడిపే రేడియో) పరీక్ష రాయండి. పన్నెండేళ్లు నిండితే చాలు. రెస్ట్రిక్టెడ్ గ్రేడుకు వీయూ3తో, జనరల్ గ్రేడుకు వీయూ2తో మొదలయ్యే కాల్‌సైన్ (గుర్తింపు పేరు) ఇస్తారు.

ప్ర: వీడియోలు గంటలు గంటలు చూస్తాను, ఆనందంగా ఉంటుంది. చేయబోతే ఏదీ పనిచేయదు.
— నంద్యాల

జ: ఆనందానికి చూడటంలో తప్పేముంది? 2009 నుంచి నడుస్తున్న డేవ్ జోన్స్ యూట్యూబ్ ఛానెల్ ఈఈవీబ్లాగ్‌లో పరికరాలు విప్పడం చూస్తుంటే పొద్దు తెలియదు. చేయడానికి చూసేటప్పుడు మాత్రం పద్ధతి వేరు. సర్క్యూట్ కనిపించిన చోట ఆపి, దాన్ని కాగితం మీద మీ చేత్తో గీయండి. గీస్తుంటే వీడియోలో చెప్పకుండా దాటేసిన తీగ దొరుకుతుంది. మామూలుగా అది గ్రౌండే. తర్వాత కాళ్ల వరుస. బీసీ547 చదును ముఖం మీవైపు, కాళ్లు కిందికి పెడితే ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. విదేశీ వీడియోలో చూపే ప్లాస్టిక్ 2ఎన్2222 ట్రాన్సిస్టర్లలో చాలావాటికి ఎమిటర్ ఎడమన ఉంటుంది. మన షాపులో దాని బదులు బీసీ547 ఇస్తే తిప్పి పెట్టాలి. నంద్యాలలో దొరకని పార్టులకు హైదరాబాదు కోఠీ గుజరాతీ గల్లీ, బెంగళూరు ఎస్పీ రోడ్డు ఉన్నాయి. ఐసీలు ఒక్కోటి రెండేసి, రెసిస్టర్లు విలువకు పదేసి తెచ్చుకోండి. మొదటి ఐసీ కాలిపోయిందా, సర్క్యూట్ తప్పా అని తేల్చుకోవడానికి రెండోది కావాలి.