సుబాబుల్ ఆకుతో మేక పాలు ఎందుకు తగ్గాయి?

ప్రశ్న: గడ్డి చాలక నెల రోజులుగా మా పాడి మేకలకు సుబాబుల్ ఆకు ఒక్కటే వేస్తున్నాం. మొదటి వారం పాలు పెరిగాయి. ఇప్పుడు తగ్గిపోయి, ఏదో వాసన కూడా వస్తున్నాయి. తోక దగ్గర వెంట్రుకలు ఊడుతున్నాయి. ఆకు మానేయాలా?

జవాబు: పూర్తిగా మానేయనక్కరలేదు గానీ, ఆకు ఒక్కటే మేతగా వేయడం మాత్రం ఈ రోజే ఆపండి. సుబాబుల్ ఆకు ఎండు పదార్థంలో (నీరు పోగా మిగిలిన దాంట్లో) 20 నుంచి 25 శాతం దాకా మాంసకృత్తులు ఉంటాయి. అవి అంతకుముందు చాలినంత అందక వెనకబడిన మేకలు మొదట్లో పాలు పెంచి ఉంటాయి. అయితే ఆ మాంసకృత్తులు ఒంటబట్టాలంటే పొట్టలోని సూక్ష్మజీవులకు గింజల ద్వారా శక్తి కూడా అందాలి. అది లేనప్పుడు మాంసకృత్తుల నుంచి పుట్టిన అమ్మోనియా యూరియాగా మారి మూత్రంలోకి, కొంత పాలలోకి పోతుందే తప్ప పాల దిగుబడికి పనికిరాదు.

వెంట్రుకలు ఊడడానికి ఆ ఆకులోని మైమోసిన్ అనే విష పదార్థం కారణమై ఉండాలి. తోక మొదట్లో రెండు వేళ్లతో మెల్లగా లాగి చూడండి. కుచ్చుగా చేతికి వస్తే దాని ప్రభావం ముదిరినట్లే. ఇది పొట్టలో మరో పదార్థంగా మారి థైరాయిడ్ గ్రంథిని దెబ్బతీస్తుంది కనుక, గొంతు కింద వాపు ఉందేమో కూడా తడిమి చూడాలి. ఆ మారిన పదార్థాన్ని విరగ్గొట్టే సూక్ష్మజీవి కొన్ని మందల పొట్టలో సహజంగా ఉంటుంది, కొన్నింటిలో ఉండదు. హవాయి మేకల పొట్ట ద్రవాన్ని ఆస్ట్రేలియా పశువులకు ఎక్కించినప్పుడు అవి సుబాబుల్‌ను తట్టుకోగలిగాయని 1980లలో శాస్త్రవేత్తలు నిరూపించారు. మీ మేకల్లో అది చాలినంత లేదనుకునే జాగ్రత్తపడడం మంచిది.

సుబాబుల్‌ను మొత్తం మేత ఎండు పదార్థంలో 30 శాతం మించనీయకండి. 40 కిలోల పాడి మేకకు ఇది రోజుకు సుమారు కిలోన్నర పచ్చి ఆకు. మైమోసిన్ లేత చిగుళ్లలో ఎక్కువ కాబట్టి ముదురు ఆకునే కోసి, వాడబెట్టి వేయండి. మిగతా మేత ఎండుగడ్డి, ఇతర చెట్ల ఆకు, గింజల దాణాతో నింపండి. పీచు తగ్గితే పాలలో వెన్న శాతం కూడా పడిపోతుంది. వేరే మేత కలపడం ఈ రోజే మొదలుపెట్టినా, ఈ మార్పును 10 రోజులకు పంచి, కొద్దికొద్దిగా చేయండి.

వాసన మేత నుంచే వస్తుంది. పాలు పితకడానికి ముందు నాలుగైదు గంటలు ఈ ఆకు వేయకుండా, పితికిన వెంటనే వేస్తే చాలావరకు తగ్గుతుంది. చూడి మేకలకు మాత్రం ఇప్పుడు పూర్తిగా ఆపండి, ఎందుకంటే థైరాయిడ్ దెబ్బతింటే పిల్లలు గొంతు వాపుతో, బలహీనంగా పుట్టే ప్రమాదం ఉంది. గొంతు వాపు కనిపించిన మేకను ఆలస్యం చేయకుండా పశువైద్యుడికి చూపించండి.