వరదలో ఇల్లు మునిగిన అక్కను ఎలా ఓదార్చాలి?

ప్రశ్న: మాది తిరుపతి. స్వర్ణముఖి ఒడ్డున ఉన్న మా అక్క ఇంట్లోకి పది రోజుల క్రితం వరద నీళ్లు వచ్చాయి. అప్పటి నుంచి మా ఇంట్లోనే ఉంటోంది. వాన చప్పుడుకు ఉలిక్కిపడుతుంది, రాత్రి నిద్రపోదు. జరిగినదంతా చెప్పిస్తే మనసు తేలికపడుతుందని చుట్టాలు అంటున్నారు; అడిగితే ఏడుస్తుంది. అమ్మ వాడే నిద్రమాత్ర సగం ఇస్తున్నాం. ఆమెకు 52 ఏళ్లు, షుగరు ఉంది, మందుల సంచీ నీళ్లలో పోయింది. పాదానికి రేకు గీసుకుంది కానీ నొప్పి లేదంటోంది. ఎలా ఓదార్చాలి?

సమాధానం: మీరు ఓదార్పు గురించి అడిగారు గానీ, నన్ను ముందుగా కలవరపెట్టింది మీరు చివర్లో రాసిన పాదం గాయం, పోయిన మందుల సంచీ. షుగరు ఉన్నవారికి పాదంలో స్పర్శ తగ్గి ఉండవచ్చు కనుక, నొప్పి లేనంత మాత్రాన గాయం మానుతోందని అనుకోకూడదు. ఈ రోజే తిరుపతిలోని రుయా ప్రభుత్వ ఆసుపత్రికి గానీ, మీ దగ్గరి డాక్టరు వద్దకు గానీ తీసుకువెళ్లి గాయం చూపించండి; రక్తంలో షుగరు పరీక్ష చేయించి, మందులు తిరిగి మొదలుపెట్టించండి, ధనుర్వాతం రాకుండా వేసే టీటీ ఇంజెక్షన్ అవసరమేమో అడగండి. షుగరు పెరిగి మూత్రానికి పదేపదే లేవడం వల్ల కూడా నిద్ర చెడవచ్చు. ఎలుకల మూత్రం కలిసిన వరద నీటి వల్ల లెప్టోస్పైరోసిస్ అనే ఇన్ఫెక్షన్ రావచ్చు కాబట్టి, జ్వరం, పిక్కల నొప్పి, కళ్లెర్రబడటం కనిపిస్తే ఒక్క రోజు కూడా ఆగవద్దు.

నిద్రమాత్ర విషయంలో మీరు చేసింది సరికాదు. అది మీ అమ్మగారి వయసును, జబ్బును చూసి ఆమెకు రాసిన మందు. ఇలాంటి సంఘటన జరిగిన తొలి నెలలో నిద్ర పట్టడం లేదని డయజిపామ్ తరహా మాత్రలు ఇవ్వవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లోనే సూచించింది. అవి అలవాటుగా మారతాయి, మత్తులో తూలి పడే ప్రమాదమూ ఉంది. ఇంట్లో మిగిలిన మాత్రను ప్రేమతో పంచిపెట్టడం మన దగ్గర చాలా మామూలైపోయింది. దయచేసి ఆ పని చేయకండి. ఇప్పటికే ఎన్ని రోజులు వాడారో డాక్టరుకు దాచకుండా చెప్పి, ఎలా ఆపాలో ఆయననే అడగండి.

ఇక ఓదార్పు. జరిగినదంతా చెప్పించాలని పట్టుబట్టడం మేలు కన్నా కీడే చేయవచ్చు. 2021 నవంబరు వరదల తరువాత నా వద్దకు వచ్చిన ఒకావిడ, తన ఆడబిడ్డ తడిసిన రేషన్ కార్డును, పెళ్లి ఫొటోలను ఒక్కొక్కటిగా విడదీసి ఫ్యాను కింద ఆరబెడుతూ ఏమీ అడగకుండా పక్కన కూర్చుందని, మూడో రోజు తనకు తానే నోరు విప్పానని చెప్పింది. మీరూ అక్క పాస్‌బుక్కు, ఆధార్ పనుల్లో తోడు వెళ్లండి, వంటలో చిన్న పని ఆమె చేతికే ఇవ్వండి, ఏడిస్తే ఏడవనివ్వండి. ‘ప్రాణాలు దక్కాయి కదా’ అనే మాట మాత్రం అనవద్దు.

చూడకుండా నేను ఖచ్చితంగా చెప్పలేను గానీ, పది రోజులకు ఇలా ఉలిక్కిపడటం చాలామందిలో కనిపించేదే, వారాల్లో తగ్గేదే. నెల దాటినా తగ్గకపోతే మానసిక వైద్యులను కలవండి. తిండి మానేసినా, చావు మాట ఎత్తినా అంతవరకు ఆగకుండా, ఆమెను ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 నంబరుకు రాత్రయినా పగలయినా ఫోన్ చేయవచ్చు. ఈ రోజు డాక్టరు వద్దకు వెళ్లేటప్పుడు అమ్మగారి నిద్రమాత్రల అట్ట కూడా వెంట తీసుకువెళ్లండి.