మోడల్స్ లెక్క తేలాలంటే ముందు అన్నిటినీ ఒడ్డుకు రప్పించు

చిరంజీవి బాబుకి,

పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న రాత్రి ఫోన్‌లో నీ గొంతు విన్నాక నాకు నిద్ర పట్టలేదు. ఋషికొండ ఆఫీసులో చేరి నెల కూడా కాలేదు, అప్పుడే పదేళ్ళ నాటి రైల్స్ అప్లికేషన్ (రూబీ భాషలో వెబ్ అప్లికేషన్లు కట్టే చట్రం రైల్స్) ఒకటి చేతిలో పెట్టి, ఇందులో ఎన్ని మోడల్స్, అంటే డేటాబేస్ టేబుల్స్‌ని చూసుకునే క్లాసులు, ఉన్నాయో, ఎవరి ఫోన్ నంబరు, ఎవరి ఆధార్ నంబరు ఏ టేబుల్లో పడి ఉందో లిస్టు ఇమ్మన్నారన్నావు. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చిన తర్వాత ఎవరో ఒకరు ఈ ప్రశ్న అడగాల్సిందే. నువ్వు కన్సోల్ (రైల్స్‌కి ఆజ్ఞలు టైపు చేసే తెర) తెరిచి మోడల్స్ ఏవని అడిగితే నాలుగే పేర్లు వచ్చాయి. ఫోల్డర్‌లో చూస్తే యాభై పైచిలుకు ఫైళ్ళు. టెన్షన్ పడకు. నువ్వు అడిగిన మాట సరైనదే, అడిగిన వేళ సరైనది కాదు.

చిన్నప్పుడు నిన్ను ఫిషింగ్ హార్బర్‌కి తీసుకెళ్ళేదాన్ని, గుర్తుందా? మామూలు రోజున జెట్టీ మీద నిలబడి బోట్లు లెక్కపెడితే కంటికి ఆనినవే లెక్కలోకి వస్తాయి. వేటకు వెళ్ళినవి సముద్రంలో ఉంటాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, వేట నిషేధం ఉండే 61 రోజుల్లో చూడు, మరబోట్లన్నీ పక్కపక్కన లంగరేసి ఉంటాయి. లెక్క పెట్టాలంటే అప్పుడు పెట్టాలి. డెవలప్‌మెంట్‌లో, అంటే మనం కోడ్ రాసుకునే చోట, రైల్స్ కూడా అంతే. ఒక మోడల్ పేరు ఎవరైనా పలికేదాకా దాని ఫైలు చదవదు. చదవని ఫైల్లోని క్లాసు రూబీ దృష్టిలో ఇంకా పుట్టనే లేదు. రిఫ్లెక్షన్ అంటే ప్రోగ్రాం తన గురించి తనే చెప్పడం. పుట్టని బిడ్డ పేరు అది ఎలా చెబుతుంది?

కాబట్టి ముందు అన్నిటినీ ఒడ్డుకు రప్పించు. కన్సోల్‌లో రైల్స్ అప్లికేషన్‌ని ఈగర్ లోడ్ చెయ్యమను, అంటే ఫైళ్ళన్నిటినీ ముందే చదవమను. ఆ మెథడ్ పేరు చివర ఆశ్చర్యార్థకం ఉంటుంది, మర్చిపోకు. అప్పుడు మోడల్స్ అన్నిటికీ మూలమైన యాక్టివ్ రికార్డ్ బేస్ అనే క్లాసుని దాని డిసెండెంట్స్ (వారసులు) ఎవరని అడుగు. సబ్‌క్లాసెస్ అని మాత్రం అడగకు. అలా అడిగితే అది కన్నపిల్లలనే చెబుతుంది, నీకు మనవలూ మునిమనవలూ కూడా కావాలి. 2016లో రైల్స్ 5 వచ్చినప్పటి నుంచి మోడల్స్ అన్నీ అప్లికేషన్ రికార్డ్ అనే మధ్య క్లాసు కింద పుడుతున్నాయి. నీ అప్లికేషన్ ఆ సంధికాలం నాటిది. సగం మోడల్స్ పాత పద్ధతిలో నేరుగా బేస్ నుంచి, సగం అప్లికేషన్ రికార్డ్ నుంచి వచ్చి ఉండొచ్చు. అందుకే అప్లికేషన్ రికార్డ్ దగ్గర ఆగకుండా పై ముత్తాతనే అడగమంటున్నాను.

ఈగర్ లోడ్ చేసేటప్పుడు ఎర్రగా ఎర్రర్ వస్తే కంగారుపడి దాన్ని రెస్క్యూ చేసి, అంటే కోడ్‌తో పట్టి మింగేసి, దాటెయ్యకు. ఏళ్ళ తరబడి ఎవరూ తెరవని ఫైలు ఒకటి పాడై ఉందని అది నీకు చెబుతోంది. ఆ ఫైలు పేరు రాసుకో. రైల్స్ 6 గానీ ఆ పైది గానీ అయితే జైట్‌వర్క్ చెక్ అనే కమాండ్ ఉంటుంది. ఫైలు పేరుకీ లోపలి క్లాసు పేరుకీ పొంతన లేకపోతే అదే చూపిస్తుంది.

ఇంత నొక్కి చెప్పడానికి కారణం ఉంది. కొన్నేళ్ళ క్రితం కాలేజీ బస్సుల ఫీజులు చూసే ఒక అప్లికేషన్‌ని పాత సర్వర్ నుంచి కొత్తదానికి మార్చే పని నా మీద పడింది. ఉన్న మోడల్స్ అన్నిటినీ రిఫ్లెక్షన్‌తో పట్టుకుని, ఒక్కొక్కదాని డేటా ఫైల్లోకి దించే రేక్ టాస్క్ (కమాండ్ ఇచ్చి నడిపే చిన్న ప్రోగ్రాం) రాశాను. ప్రొడక్షన్ (జనం వాడే అసలు సర్వర్) కన్సోల్‌లో పరీక్షిస్తే 41 పేర్లు వచ్చాయి. తృప్తిగా టాస్క్ నడిపించి, రాత్రి పదకొండుకి ఎంవీపీ కాలనీలో ఇంటికి చేరాను. మర్నాడు ఆ ఆఫీసు గుమాస్తాగారు ఫోన్ చేసి, నెమ్మదిగా, "అమ్మా, విద్యార్థుల పేర్లున్నాయి, రసీదులు కనిపించడం లేదు" అన్నారు. లాగ్ తెరిచి చూశాను. మోడల్‌కి ఒకటి చొప్పున ఆరంటే ఆరే లైన్లు.

ప్రొడక్షన్‌లో ఈగర్ లోడ్ ఉంటుందని నాకు తెలుసు. రేక్ టాస్క్ నడిచేటప్పుడు ప్రొడక్షన్‌లో కూడా దాన్ని ఆపేస్తారన్న సంగతి తెలియదు. రైల్స్ 6.1లో దానికి విడిగా రేక్ ఈగర్ లోడ్ అనే సెట్టింగ్ పెట్టారు, అదీ మామూలుగా ఆఫ్‌లోనే ఉంటుంది. పాత సర్వర్‌ని ఇంకా తుడిచెయ్యలేదు గనక ఆ రసీదులు దక్కాయి. వాటిలో ప్రతి ఒక్కటీ ఏదో ఒక తండ్రి కట్టిన డబ్బుకి సాక్ష్యం. ఆ ఉదయం నా చేతులు వణికిన సంగతి ఇప్పటికీ గుర్తుంది. అందుకే నువ్వు స్క్రిప్టు రాసినా, టాస్క్ రాసినా, ఈగర్ లోడ్ లైను అందులోనే మొదట రాయి. చుట్టూ ఉన్న సెట్టింగ్‌ని నమ్ముకోకు.

సరే, పేర్లన్నీ వచ్చాయనుకో. అవన్నీ ఒకే రకం కావు. అప్లికేషన్ రికార్డ్ లాంటి వాటికి టేబుల్ ఉండదు, అవి అబ్‌స్ట్రాక్ట్ క్లాసులు. ఆ మాట వాటినే అడిగి పక్కన పెట్టు. కొన్నిచోట్ల ఒకే టేబుల్‌ని మూడు నాలుగు క్లాసులు పంచుకుంటాయి. వాహనం అనే టేబుల్ ఒకటే, ఆటో, బస్సు, వ్యాను క్లాసులు మూడు, టైప్ అనే కాలమ్ చూసి ఎవరిది ఏదో తేలుతుంది. లిస్టులో వీటిని టేబుల్ పేరుతో గ్రూప్ చెయ్యి, లేకపోతే ఒకే ఫోన్ నంబరు కాలమ్‌ని నాలుగుసార్లు లెక్కపెడతావు. హెచ్ఏబీటీఎం అన్న అక్షరాలున్న వింత పేర్లు కనిపిస్తే భయపడకు. రెండు మోడల్స్ మధ్య అనేకానికి అనేకం సంబంధం పెట్టినప్పుడు రైల్స్ తనకోసం తయారు చేసుకున్న క్లాసులవి. క్లాసు లెక్కలో వాటిని తీసెయ్, టేబుల్ లెక్కలో మాత్రం ఉంచు. ఫైళ్ళు ఎక్కించుకోవడానికి రైల్స్‌తో వచ్చే యాక్టివ్ స్టోరేజ్ లాంటి వాటి మోడల్స్‌ని మీవాళ్ళు రాయకపోయినా వదలకు. ఆధార్ కార్డు ఫోటో ఎక్కించి ఉంటే దాని వివరం చేరేది అక్కడికే.

ఫోల్డర్ చూసి లెక్కపెడితే చాలదా అన్నావు. చాలదు. ఆ ఫోల్డర్‌లో మోడల్స్ కాని ఫైళ్ళు ఉంటాయి, మోడల్స్ కొన్ని ఆ ఫోల్డర్‌లో ఉండవు.

రిఫ్లెక్షన్ చెప్పినదాన్ని కూడా అంతటితో నమ్మకు. డేటాబేస్ కనెక్షన్‌ని టేబుల్స్ ఏవని విడిగా అడుగు. రైల్స్ తన సొంత లెక్కల కోసం పెట్టుకునే స్కీమా మైగ్రేషన్స్, ఇంటర్నల్ మెటాడేటా అనే రెండింటినీ తీసేసి, మిగిలినవాటిని మోడల్స్ చెప్పిన టేబుల్ పేర్లతో పోల్చు. మోడల్ ఉండి టేబుల్ లేకపోతే అది చచ్చిన కోడ్, తొందర లేదు. టేబుల్ ఉండి మోడల్ లేకపోతే మాత్రం కూర్చుని చూడు. ఎప్పుడో మోడల్ ఫైలు తీసేసి టేబుల్‌ని అలాగే వదిలేసి ఉంటారు. అందులో జనం పేర్లు, నంబర్లు అలాగే ఉంటాయి, తుడిచేవాళ్ళు లేక. మీవాళ్ళు అడిగిన ప్రశ్నకి అసలు జవాబు ఎక్కువగా దొరికేది అలాంటి టేబుల్స్‌లోనే.

ఆ తర్వాత పని సులువు. ప్రతి మోడల్‌నీ కాలమ్ పేర్లు అడుగు, ఎవరితో సంబంధం ఉందో అడుగు. ఆ రెండో మెథడ్ పేరులోనే రిఫ్లెక్ట్ అన్న మాట ఉంటుంది. వచ్చినదాన్ని స్ప్రెడ్‌షీట్‌లో పెట్టు. ఫలితాన్ని దాచుకునేటప్పుడు క్లాసుల్ని దాచకు, పేర్లను స్ట్రింగులుగా దాచు. డెవలప్‌మెంట్‌లో కోడ్ మారి మళ్ళీ లోడ్ అయితే నీ దగ్గరున్నవి పాత క్లాసులైపోతాయి.

మీ పక్క టీమ్ జాంగో (పైథాన్ భాషలో రైల్స్ లాంటిది) వాడుతోందన్నావు. వాళ్ళకి ఈ బాధ తక్కువ. 2014లో వచ్చిన 1.7 నుంచి జాంగో మొదలయ్యేటప్పుడే ఇన్‌స్టాల్ చేసిన యాప్స్ మోడల్స్ అన్నిటినీ ఒక రిజిస్ట్రీలో నమోదు చేసుకుంటుంది, గెట్ మోడల్స్ అంటే చాలు. మధ్యలో తానే తయారు చేసుకున్న జోడింపు టేబుల్స్‌ని మాత్రం విడిగా అడిగితేనే చూపిస్తుంది. ఆ మాట వాళ్ళకీ చెప్పు.

ప్రొడక్షన్ జోలికి ఇప్పుడే వెళ్ళకు, స్టేజింగ్ కాపీ (పరీక్షకి పెట్టుకున్న నకలు) మీద చెయ్యి. మోడల్స్ ఎన్ని, టేబుల్స్ ఎన్ని, రెండు అంకెలూ రాత్రికి నాకు మెసేజ్ పెట్టు. తేడా వస్తే ఆదివారం ల్యాప్‌టాప్ తీసుకుని ఇంటికి రా, నేను పొద్దున్నే రైతుబజారుకి వెళ్ళి వచ్చేస్తాను. ఆ మోడల్ లేని టేబుల్స్‌ని ఒక్కొక్కటీ ఇద్దరం కలిసి తెరిచి చూద్దాం.

మీ పెద్దమ్మ