ఇమూ పొయ్యి లేకపోయినా లూఆవు విందు చేసుకోవచ్చు

మీ ఇంట్లో పెరడు లేదు, అతిథుల్లో సగం మంది పంది మాంసం తినరు, అయినా లూఆవు, అంటే హవాయి పార్టీ, చేయాలని ఉందన్నారు. టెన్షన్ వద్దు, అపార్ట్‌మెంట్‌లో కూడా చక్కగా కుదురుతుంది.

హవాయిలో కాలువా పందిని ఇమూ అనే గుంట పొయ్యిలో, వేడి రాళ్ల మీద ఆకులు కప్పి వండుతారు. మీరు 2 కిలోల పంది భుజం మాంసానికి కళ్ళుప్పు, ఒక చెంచా లిక్విడ్ స్మోక్ (పొగ రుచి ఇచ్చే ద్రవం) పట్టించి, అరిటాకులో, పైన ఫాయిల్‌లో చుట్టి, ఓవెన్‌లో 160 డిగ్రీల దగ్గర 5 గంటలు ఉంచండి. ఫోర్కుతో లాగితే పీచుల్లా విడిపోవాలి. ఇదే పద్ధతిలో కోడి తొడలు రెండు గంటల్లోపే అయిపోతాయి, తిననివాళ్లకు అవి పెట్టండి. పక్కన తెల్లన్నం, ఉడికించిన చిలగడదుంప, చామదుంప చాలు. వాళ్ల ‘పోయి’ అనే ముద్ద వంటకం కూడా చామదుంపతో చేసేదే.

తీపికి హౌపియా అనే కొబ్బరిపాల పుడ్డింగ్ చేయండి. 400 మి.లీ. కొబ్బరిపాలు, అర కప్పు పంచదార, కప్పు నీళ్లలో కలిపిన 5 పెద్ద చెంచాల కార్న్‌ఫ్లోర్ కలిపి, చిక్కబడేదాకా తిప్పుతూ ఉడికించి, ఫ్రిజ్‌లో పెట్టి ముక్కలు కోయండి.

ప్లాస్టిక్ గడ్డి లంగాలు, కొబ్బరి చిప్పల వేషాలు మాత్రం దయచేసి వద్దు. హులా నృత్యం వాళ్లకు పవిత్రమైన కళ, దాన్ని వేళాకోళం చేసినట్టవుతుంది. బదులుగా తాజా పూలతో ‘లే’లు, అంటే హవాయి పూలదండలు, గుచ్చి, వచ్చినవాళ్ల మెడలో మీరే వేయండి. ముందుకూ వెనక్కూ సమానంగా వేలాడాలి. గర్భిణులకు మాత్రం ముడి వేయని, చివరలు విడిగా ఉన్న లే ఇవ్వడం అక్కడి ఆచారం.