ఎదురొచ్చే బండి కనిపిస్తుంది కదా అని రాంగ్ సైడ్ తొక్కొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి పదో తరగతి, ట్యూషన్‌కి సైకిల్ మీద వెళ్తుంది, ఇంటికొచ్చేసరికి చీకటి పడిపోతుంది. మా మావయ్యగారు ఏమో కుడిపక్కన తొక్కమ్మా, ఎదురొచ్చే బండ్లు కనిపిస్తాయి, వెనక నుంచి గుద్దేస్తే ఏం చేస్తావ్ అంటారు. నాకూ నిజమే అనిపిస్తోంది. ఇంకోటి, ఆదివారం పొద్దున్నే బీచ్ రోడ్డుకి వెళ్తే వాకింగ్ వాళ్లు దీన్ని చూసి విసుక్కుంటున్నారు, బెల్ కొట్టినా జరగరు. ఏం చెయ్యాలి?
– ఒక తల్లి, విశాఖపట్నం

జవాబు: మావయ్యగారిది మనవరాలి మీద ప్రేమేనండి, కానీ ఆ ఒక్క మాట మాత్రం విననివ్వకండి. ఫుట్‌పాత్ లేని చోట కుడిపక్కన నడవమనేది నడిచేవాళ్లకి, వాళ్లు ఒక్క అడుగు వేసి తప్పుకోగలరు, సైకిల్ మీద ఆ వీలు లేదు. పాప గంటకి 15 కిలోమీటర్ల స్పీడులో వెళ్తోంది, ఎదురుగా బైక్ 40లో వస్తోంది అనుకోండి, ఇద్దరూ 55 స్పీడుతో దగ్గరికొచ్చేస్తున్నట్టు లెక్క, అదే ఇద్దరూ ఒకే వైపు వెళ్తుంటే తేడా 25యే, వెనకవాడికి చూసి బ్రేక్ వెయ్యడానికి టైం ఉంటుంది. అసలు భయం సందుల దగ్గర. సందులోంచి వచ్చి ఎడమకి తిరిగే ఆటో అతను కుడివైపే చూస్తాడు, బండ్లు అటునుంచే కదా వచ్చేది, రాంగ్ సైడ్‌లో వచ్చే పాప అతనికి ఎడమనుంచి వస్తుంది, అటు తల కూడా తిప్పడు.

వెనక నుంచి గుద్దుతారన్న భయం ఊరికే పోదు, దానికి లైట్లు కావాలి. వెనక ఎర్రది, ముందు తెల్లది పెట్టించండి, రిఫ్లెక్టర్ మీద మట్టి తుడవండి. చున్నీ చక్రంలో పడకుండా నడుముకి ముడెయ్యాలి, ఇది దయచేసి మర్చిపోకండి. ఎడమపక్క అంటే ఆగి ఉన్న కార్లని రాసుకుంటూ అని కాదు, ఎవరైనా డోరు తీస్తే తగలనంత దూరం వదలాలి. గుంత వచ్చిందని టక్కున కుడికి తిప్పకూడదు, వెనక్కి ఒకసారి చూసి, చెయ్యి చూపించి అప్పుడు జరగాలి.

ఇక బీచ్ రోడ్డు. పొద్దున్నే అక్కడ బండ్లు ఆపేది నడిచేవాళ్ల కోసం, కాబట్టి వాళ్లదే ముందు. వీపు దగ్గరికెళ్లి బెల్ కొడితే ఉలిక్కిపడి ఎటు జరుగుతారో వాళ్లకే తెలీదు, పెద్దవాళ్లయితే పడిపోతారు కూడా. దూరం నుంచే ఒకసారి మెల్లగా కొట్టి, స్లో చేసి, "అంకుల్, కుడిపక్కన వస్తున్నా" అని చెప్పి, చెయ్యి చాపినంత దూరం వదిలి వెళ్లమనండి. చిన్నపిల్లలు ఆడుతుంటే దిగి నడిపించుకుంటూ వెళ్లడమే మంచిది.

మావయ్యగారు ఇంకా ఒప్పుకోకపోతే ఒక సాయంత్రం ఆయన్ని మీ సందు చివర పది నిమిషాలు నిలబెట్టి, మెయిన్ రోడ్డు ఎక్కే ఆటోవాళ్లు ఎటు చూసి ఎక్కుతున్నారో గమనించమనండి.