వాళ్ల నాన్న పోలికేనా?

ప్ర: మా బాబుకి నాలుగేళ్లు. బ్లాకులతో కట్టిన మేడ కూలితే చాలు, గుక్కపెట్టి ఏడుస్తాడు. ఈ వయసులో పాప ఇలా లేదు. ‘వాళ్ల నాన్న పోలికే, మారడు’ అంటారు మా అత్తగారు. నిజమేనా?
– ఒక తల్లి, బ్రాడీపేట, గుంటూరు

జ: సగం నిజం. కవలలపై అధ్యయనాల ప్రకారం స్వభావంలో తేడాలకు సుమారు 20 నుంచి 60 శాతం దాకా జన్యువులే కారణం. ‘తట్టుకునే జన్యువు’ అని ఒక్కటంటూ లేదు, బోలెడన్ని జన్యువులు తలా కాస్త చెయ్యి వేస్తాయి. ‘మారడు’ అన్నదే తప్పు. హవాయిలోని కవాయి దీవిలో 1955లో పుట్టిన పిల్లల్ని మనస్తత్వవేత్త ఎమీ వెర్నర్ బృందం దశాబ్దాలపాటు గమనించింది. కష్టాల్లో పెరిగినవాళ్లలోనూ మూడోవంతు మంది చక్కగా నిలదొక్కుకున్నారు. వాళ్లకు అండగా కనీసం ఒక పెద్దదిక్కు ఉంది. అది అమ్మమ్మో, నానమ్మో అయినా సరే (అత్తగారికి ఈ మాట చెప్పండి).

మేడ కూలగానే మీరు కట్టివ్వకండి. పక్కన కూర్చుని ‘కూలిపోయింది, కోపమొచ్చింది కదూ’ అని ఊరుకోండి. ఏడుపు మధ్యలో ఏం చెప్పినా బుర్రకెక్కదు. ఊపిరి నెమ్మదించాక అడుగున రెండు పెద్ద బ్లాకులు మీరు పెట్టి, మిగతావి వాణ్ణే పేర్చమనండి. మళ్లీ కూలిందా, కూలనివ్వండి. చాలా ఇళ్లలో చెడేది ఫోన్ దగ్గరే: ఏడుపు ఆపడానికి ఇస్తే, ఏడిస్తే ఫోన్ వస్తుందని నేర్చుకుంటాడు, తమాయించుకోవడం నేర్చుకోడు. అక్కతో పోల్చడం ఇవాళే మానేయండి.

నిద్ర, తిండి చెడినా, తనను తాను కొట్టుకుంటున్నా పిల్లల డాక్టరుకు చూపించండి.