ఇరానీ హోటళ్లలో పోయింది రుచి కాదు, కుర్చీ

"హైదరాబాద్ ఇరానీ చాయ్‌లో పాత రుచి ఎందుకు లేదు?" అని అడిగారు. రుచి అలాగే ఉందండీ. దాదాపు ముప్పై ఏళ్లుగా తాగుతున్నవాణ్ణి, నా మాట నమ్మండి. మీకు తేడాగా అనిపిస్తోందంటే నిలబడి తాగుతున్నారన్నమాట.

1996లో గ్రూప్స్ ప్రిపరేషన్ అని తెనాలి నుంచి వచ్చి చిక్కడపల్లిలో రూమ్ తీసుకున్నాను. పగలంతా సిటీ సెంట్రల్ లైబ్రరీ, సాయంత్రమైతే ఆర్టీసీ క్రాస్ రోడ్స్. మాది కాఫీ తాగే ఇల్లు. టీ అంటే ఒంట్లో బాగోలేనప్పుడు తాగేదని మా అమ్మ లెక్క.

వచ్చిన రెండో రోజో మూడో రోజో రూమ్మేటూ నేనూ మూల మీదున్న ఇరానీ హోటల్‌కి వెళ్లాం. పాలరాతి బల్లలు, గోడలకి నిలువెత్తు అద్దాలు. కూర్చున్నామో లేదో, అడక్కుండానే వెయిటర్ ఒక ప్లేటు తెచ్చి మా మధ్య పెట్టాడు. 8 బుల్లి ఉల్లిపాయ సమోసాలు, 4 ఉస్మానియా బిస్కెట్లు. మా వైపు ఎవరింటికి వెళ్లినా ముందు పళ్లెంలో ఏదో ఒకటి పెడతారు కదా, ఇదీ అలాంటిదే, టీతో పాటు వచ్చేదే కాబోలు అనుకున్నాం. "నిజాం మర్యాద అంటే ఇదిరా" అన్నాడు మావాడు. ప్లేటు ఊడ్చేశాం. ఇంకొకటి తెమ్మంటే బాగోదేమో అని మొహమాటపడ్డాం. ఆ మొహమాటమే మమ్మల్ని కాపాడింది.

లేచి గల్లా వైపు నడుస్తుంటే వెనక నుంచి వెయిటర్ కేక పెట్టాడు: "నీలా షర్ట్, బాయీస్!" మావాడిది నీలం చొక్కా. అక్కడ పద్ధతి అది. ప్లేటులో మిగిలినవి చూసి, తిన్నవాటికి లెక్క కట్టి, మనిషి ఆనవాలు చెప్పి గల్లాకి అరుస్తారు. అది మా బిల్లని, ఇరవై రెండు రూపాయలని అర్థం కావడానికి కాసేపు పట్టింది. ఇద్దరి జేబులూ దులిపితే 15 రూపాయలు తేలాయి.

గల్లా మీద తెల్ల గడ్డం పెద్దాయన. మావాడి హిందీ "పైసా కమ్ హై" దగ్గర ఆగిపోయింది. ఆయన నా చంకలో పుస్తకం చూసి "లైబ్రరీ?" అన్నాడు. తలూపాను. 15 తీసుకుని, అందులోంచి 2 రూపాయలు తిరిగి మా చేతిలో పెట్టి, "బస్ కే వాస్తే రఖ్ లో మియా, బాకీ కల్ దేనా" అన్నాడు. మా రూమ్‌కి బస్సు అక్కర్లేదు, నడిచే దూరమే. ఆ సంగతి మేం చెప్పలేదు. మర్నాడు వెళ్లి 9 రూపాయలు కట్టాం. అప్పట్నుంచి నాలుగేళ్లపాటు ఆ బల్ల దగ్గరే మకాం.

వన్ బై టూ చెప్పి రెండు గంటలు కూర్చునేవాళ్లం. 'సియాసత్' పేపర్ షీట్లు విడిపోయి ఒక్కోటి ఒక్కో బల్ల మీద ఉండేది. ఉర్దూ రాకపోయినా క్రికెట్ ఫొటోలు చూసేవాణ్ణి. లేవమని ఎవరూ అనలేదు. మరీ ఎక్కువసేపైతే వెయిటర్ తడిగుడ్డ తెచ్చి మా మోచేతులు ఎత్తించి బల్ల తుడిచేవాడు. అంతే వాళ్ల నిరసన.

ఇక రుచి సంగతి. ఇరానీ చాయ్‌లో డికాషన్ వేరు, పాలు వేరు. డికాషన్ మూత బిగించి దమ్ మీద ఉంటుంది, పాలు పక్కన చిక్కబడేదాకా కాగుతుంటాయి, రెండూ కప్పులోనే కలుస్తాయి. అన్నీ ఒకే గిన్నెలో వేసి మరిగించేది బండి టీ. అదీ మంచిదే, కానీ దానికి ఇరానీ అని బోర్డు పెట్టకండి బాబూ. ఈ పని ఇరానీ వాళ్ల చేతిలోనే ఉండిపోలేదు కూడా. 1978 నాటి కెఫె నీలోఫర్‌లో పనివాడిగా చేరిన బాబురావు గారు దానికే యజమాని అయ్యారు. చేయడం వచ్చినవాళ్లు ఊళ్లో చాలామందే ఉన్నారు.

పోయింది కుర్చీ. పాత హోటళ్లు చాలావరకు మూలల మీద ఉండేవి, ఇప్పుడు ఆ మూల స్థలం అద్దె ఎంతో మీరే ఊహించుకోండి. యజమానుల కొడుకులు వేరే పనుల్లోకి వెళ్లిపోయారు. 2020 లాక్‌డౌన్ మిగిలినవాటిలో కొన్నిటిని ముంచింది. కానీ నన్నడిగితే మొదటి ముద్దాయిలం మేమే. సగం టీకి రెండు గంటలు కూర్చునేవాళ్లని పెట్టుకుని ఎవడు బతుకుతాడు? ఇప్పటివాళ్లు లెక్క తెలిసినవాళ్లు, కుర్చీలు తీసేసి కౌంటర్ పెట్టారు. స్కాన్ చేస్తే డబ్బులొచ్చాయని డబ్బా అరుస్తుంది. అది మన చొక్కా రంగు చూసి అరవదు.

ఆ కాగితం కప్పు ఒకటి. లోపల పల్చటి ప్లాస్టిక్ పూత ఉంటుంది, అందుకే టీ కారిపోదు. సాసర్‌లో పోసుకుని ఊదుకుని తాగేవాడికి ఆ కప్పు ఇస్తే ఏం చేయాలి? పోనీ కూర్చోవాలంటే ఏసీ కాఫీ షాపులున్నాయి. మా అబ్బాయి తీసుకెళ్లాడు. కాఫీ 280. అంత డబ్బు పోసి కూర్చునేది కాఫీ కోసం కాదు, అద్దెకి తీసుకున్న కుర్చీలో. మా అమ్మ ఇత్తడి ఫిల్టర్ కాఫీ ముందు ఆ కాఫీ ఎంత, వదిలేయండి.

మేం కూర్చున్న హోటల్ ఇప్పుడు సెల్‌ఫోన్ల షోరూమ్. చార్మినార్ దగ్గర నిమ్రా కెఫె ఉంది, బిస్కెట్ బాగుంటుంది, కానీ ఎక్కువగా నిలబడే తాగాలి. సికింద్రాబాద్ వైపు కుర్చీలున్న పాతవి ఇంకా కొన్ని మిగిలాయి. పొద్దున్నే వెళ్లండి, రద్దీ ఉండదు. అడక్కుండా ప్లేటు పెడితే మాత్రం ముందు జేబు చూసుకోండి.